నాగరాణి చెవుల పరీక్ష

మా గరిడేపల్లిలో బంగారం అసలో నకిలీయో తేల్చేది కంసాలి కాదు, నా చెవులు. బంగారం కానిది ఏది పెట్టినా గంటలో దురద, సాయంత్రానికి తమ్మెలు ఉబ్బి రసి కారడం. అందుకే ఎవరు కమ్మలు కొన్నా తెచ్చి ఒక పూట నాకు పెట్టేవాళ్లు. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తప్పు పోలేదు. సర్పంచికైనా అంత పలుకుబడి లేదు. ఊరందరి బంగారం మోసిన ఈ చెవులకు సొంతానికి మాత్రం వేపపుల్లలే.

మొన్న దసరాకు మా ఆయన ఐలన్న బుట్టకమ్మలు తెచ్చాడు. బంగారమే అన్నాడు. కోదాడ చర్మం డాక్టరు రాసిచ్చాడని ఒక క్రీము కూడా తెచ్చి, చెమటకు చెవులు పాడవకుండా రోజూ పూసుకొమ్మన్నాడు. గొర్రెలకు తప్ప మందు తేవడం తెలియని మనిషి తెస్తే కాదంటానా? పూసుకుని, బుట్టలు ఊపుకుంటూ వాడంతా తిరిగాను.

అదే వారం పక్కింటి సరోజన చుట్టాల దగ్గర కొన్న కమ్మలు తెచ్చింది. పొద్దు గూకేదాకా పెట్టుకున్నా దురద లేదు. మేలిమి బంగారమని తేల్చేశాను. నాలుగు రోజులకు మిర్యాలగూడ కంసాలి వాటిని గీటురాయి మీద గీసి చూసి, పైపూత తప్ప ఏమీ లేదన్నాడట. సరోజన బస్సు దిగి నేరుగా మా వాకిట్లోకొచ్చి, నా చెవులు అబద్ధాలు నేర్చాయని నలుగురూ వినేలా దులిపేసింది.

నాకు తల కొట్టేసినట్టయింది. నా పరువంతా ఆ తమ్మెల మీదే కదా. ఆలోచిస్తే కొత్తగా వచ్చింది క్రీము ఒక్కటే. చెవులు సబ్బుతో కడిగి, ఆయన తెచ్చిన బుట్టలే పెట్టుకున్నాను. సాయంత్రానికి చెవులు గారెల్లా ఉబ్బాయి.

గొర్రెలు తోలుకొచ్చిన ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి చూపించాను. తల దించుకున్నాడు.

"బంగారం నాతోని అయితదా? నువ్వు పెండ్లిళ్లకు వేపపుల్లలు పెట్టుకొని పోతుంటే సూడలేకపోయిన. నీ చెవులు నొయ్యకుండ ఏం పుయ్యాల్నో డాక్టర్‌ను అడిగిన."

తిట్టబోయి ఆగిపోయాను. ఇన్నేళ్లూ ఊరంతా నా చెవులతో పని చేయించుకుంది గానీ, నొప్పిగా ఉందా అని ఒక్కరూ అడగలేదు. అడిగింది ఈ అబద్ధాలకోరే. ఏడుపొచ్చింది, కోపమూ పోలేదు. ఆ పూట అన్నం పెట్టాను గానీ కూర వెయ్యలేదు.

చెవులు మానాక క్రీము పూసుకుని బుట్టలు పెట్టుకున్నాను. నా చెవులు మళ్లీ ఉబ్బాయని విందేమో, ఆ వారమే సరోజన కొంగున ఇంకో జత ముడేసుకుని వచ్చింది.

"చెవుల పని బంద్ పెట్టిన సరోజనక్కా, నొస్తది."

ఆమె నా బుట్టలకేసి అనుమానంగా చూసి, ఇవన్నా అసలువేనా అని అడిగింది.

"మా ఆయన తెచ్చిండు," అన్నాను.