ముందుగా చెల్లించిన కృతజ్ఞత

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో నలభై మందికి భోజనమని నాకు గురువారం సాయంత్రం, మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపు ద్వారా తెలిసింది. గచ్చు తుడుస్తున్న గుడ్డను పక్కన పెట్టి, తడిచేతిని చీరకు అద్దుకుని ఆ ప్రకటనను రెండుసార్లు చదివాను. "నా మోకాలి శస్త్రచికిత్స విజయవంతమైనందుకు దేవునికీ, వైద్యులకూ స్తుతులు చెల్లించుటకై మా గృహమందు కృతజ్ఞత కూడిక జరుగును. ప్రేమవిందు కలదు. ఇట్లు, రత్నాకర్, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు."

రత్నాకర్ నా భర్త. ఆ మోకాలిని మూడు నెలలపాటు, రోజుకు మూడు పూటలు, నొప్పికి ఆయన తిట్టే తిట్లు వింటూ వంచి చాచింది నేను. మొదటి పదకొండు రోజులు ఆయన కింద బెడ్‌పాన్ పెట్టి తీసింది నేను. ప్రకటనలో నా పేరు లేనందుకు నాకు దుఃఖం కలగలేదు. తేదీ నిర్ణయించేటప్పుడు కూడా నేను గుర్తుకు రానందుకు మాత్రం ఒళ్లు మండింది.

"ఆదివారం నాకు డ్యూటీ ఉన్నది. నెల కిందనే చెప్పిన గదా," అన్నాను.

"నీదేముంది? పొద్దుగాల్ల జర జల్ది లేస్తే వంట అయిపాయె. కంప్యూటర్ ఏడికి ఉరుకుతది? సోమారం చేస్కో," అన్నారాయన, టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆ ఆదివారం ఎందుకు వాయిదా పడకూడదో చెప్పాలి. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీదున్న ఒక ట్రస్టు దవాఖానలో ఇరవై ఆరేళ్ల కింద నేను కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. నేటికీ నా హోదా అదే. రెండేళ్ల కింద సిస్టమ్స్ ఇన్‌ఛార్జి ఉద్యోగం మానేసి వెళ్లినప్పుడు ఆయన పనంతా నా బల్ల మీదికి వచ్చింది. ఆయన కుర్చీ మాత్రం ఖాళీగా ఉండిపోయింది. కందుకూరులో మా దవాఖానకు ఒక శాఖ ఉంది. అక్కడ ఎక్స్‌రే తీయడానికి లిఖిత అనే అమ్మాయి ఉంది గానీ, దాన్ని చదివి చెప్పే డాక్టర్ ఉండేది ఇక్కడ. రెండు ఊళ్లనూ కలిపే ఇంటర్నెట్ లైను సన్నది. ఒక్క ఛాతీ ఎక్స్‌రే ఇక్కడి తెర మీద పూర్తిగా తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పట్టేది. ఊపిరాడని మనిషి బల్ల మీద పడుకుని ఎదురుచూసే పదకొండు నిమిషాలు అవి.

దీనికొక ఉపాయాన్ని వెతికి, చదివి, ట్రస్టుకు రాసి ఇచ్చింది నేనే. దాని పేరు నెట్‌వర్క్ ఆప్టిమైజేషన్ అప్లయన్స్. పేరు బరువైనది, పని తేలికగా అర్థమయ్యేది. లైనుకు రెండు కొసల్లోనూ ఒక్కొక్కటి కూర్చుంటుంది. ఒకసారి దాటిపోయిన సమాచారాన్ని రెండు వైపులా గుర్తుపెట్టుకుని, మళ్లీ అదే ముక్క వస్తే దాన్ని పూర్తిగా మోయకుండా చిన్న గుర్తు ఒకటి పంపి సరిపెడుతుంది. కొత్తగా వచ్చినదాన్ని నొక్కి, చిన్నది చేసి పంపుతుంది. చేత్తో పట్టుకునేందుకు డబ్బా ఏమీ ఉండదు. అదంతా ఒక ఫైలు. మా సర్వర్ మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఒకే యంత్రం కడుపులో పది యంత్రాలను విడివిడిగా బతికించేది అదే. ఆ ఫైలును అందులోకి దింపితే, పదకొండో యంత్రమై లేచి కూర్చుంటుంది.

ట్రస్టు కార్యదర్శి దివాకర్ గారు షరతు పెట్టారు. "నిర్మలమ్మా, ఆదివారం ఓపీ ఉండది. గా ఒక్క రోజు ఇస్త. సోమారం పొద్దుగాల్లకు నడిస్తే నడిచినట్టు. నడవకపోతే పట్నం కాంట్రాక్టర్‌కు అప్పజెప్త, నువ్వు ఓపీ చీటీల కౌంటర్ల కూసుందువు."

చీటీలు రాయడం తక్కువ పనేమీ కాదు. కానీ యాభై ఆరేళ్ల వయసులో, ఎవరూ నేర్పకుండా ఒక్కో పుస్తకం కొనుక్కుని నేర్చుకున్న విద్యను నా చేతుల్లోంచి ఒక్క వాక్యంతో లాక్కోగలనన్న ఆయన ధీమా నాకు సహించలేదు.

శుక్రవారం పొద్దున పక్కింటి యాదలక్ష్మి దగ్గరికి వెళ్లాను. ఆమె కొంగరకలాన్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుంది. వారమంతా రెండు వందల మందికి వండి, ఆదివారం ఒక్కరోజు కాళ్లు చాపుకుంటుంది. ఆమెను ఆ రోజు అడగడానికి నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం నా మాట పూర్తికానివ్వలేదు.

"అక్కా, సర్వర్ అంటే నాకు హోటల్ల ఇడ్లీ వెట్టెటోడే ఎర్క. గదేందో నువ్వు చూస్కో. బగారన్నం, మటన్ నాకిడిచిపెట్టు. సారు అడిగితె నేను జెప్త."

ఆ సాయంత్రం మా ఇంట్లో మేమిద్దరం వెల్లుల్లి ఒలుస్తుంటే, మా అత్తమ్మ అనంతమ్మ మంచం మీద కూర్చుని చూసింది. ఆమెకు ఎనభై రెండేళ్లు. ఇదే దవాఖానలో ఇరవై ఎనిమిదేళ్లు ఆయాగా చేసింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆలస్యంగా ఇంటికి వస్తే గడపలోనే అడిగేది: "కంప్యూటర్‌ల బియ్యం ఉడుకుతయా?" ఆ ప్రశ్నకు ఇరుగుపొరుగు నవ్వేవారు. ఆ నవ్వులతో సహా నాకు జ్ఞాపకం ఉంది.

ఆదివారం పదింటికి సర్వర్ గదిలో కూర్చున్నాను. కందుకూరు వైపు దానిని ముందురోజే దింపి ఉంచాను. అక్కడి నెట్‌వర్క్ పెట్టెకు తీగలు మార్చడానికి, దాని మీది దీపాలు చూసి చెప్పడానికి లిఖిత తన సెలవు వదులుకుని వచ్చింది. నేను ఇక్కడ ఫైలును దించి, జాగ్రత్త కోసం, తెర మీదే కలపాల్సిన దాని తీగలేవీ కలపకుండానే నడిపించబోయాను. అది లేవలేదు. కారణం తెర మీద రాసింది. దీనికి కావలసిన మెమరీని ముందుగానే పక్కన పెట్టాలి. మిగతా యంత్రాలకు ఎంత అవసరం వచ్చినా ఆ వాటాలో చెయ్యి పెట్టరాదు. ఆ హామీ లేనిదే ఇది పని మొదలుపెట్టదు.

ఆ వాక్యాన్ని తాపీగా చదివాను. అలాంటి వాక్యం పలికే వీలుంటుందని నాకు ఇరవై ఐదేళ్ల వయసులో ఎవరూ చెప్పలేదు. దివాకర్ గారు మీటింగుల కోసం పట్టుబట్టి పెట్టించుకుని, ఏడాదిగా ఒక్కసారీ తెరవని యంత్రం ఒకటి ఎనిమిది జీబీ పట్టుకుని నిద్రపోతోంది. దాన్ని ఆపి, ఆ ఎనిమిదీ దీనికి రాసిచ్చాను. లేచింది.

ఇంతలో ఇంటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "నిర్మలా, బగార వండే పెద్ద గంజు ఏడున్నది?" తర్వాత చాపలు. తర్వాత ఆయన తెల్లంగీకి ఇస్త్రీ అయిందా లేదా అన్నది. నాలుగోసారి, మా పాస్టర్ అయ్యగారికి చక్కెర లేని టీ ఇవ్వాలా అని. ఫోన్ ఆపేయడానికి వీల్లేదు. లిఖిత నాతో మాట్లాడేది దాంట్లోనే. ఆయన నంబరు ఒక్కటీ ఆపవచ్చు. వేలు అక్కడిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు వేలిలో ఉంటుందని నేనప్పుడు గమనించాను.

ఐదో ఫోన్ వచ్చినప్పుడు, తెర మీద ఒక్కో పేరు ఎంచుకుంటూ తీగలు కలుపుతున్నాను. ఒక తీగను దవాఖాన వైపు, రెండోదాన్ని కందుకూరు వైపు కలపాలి. రెండూ ఒకే వైపు కలిస్తే సమాచారం ఇందులోంచి పోయి మళ్లీ ఇందులోకే వచ్చి, గిర్రున తిరుగుతూ క్షణాల్లో మొత్తం నెట్‌వర్క్‌ను ముంచేస్తుంది. ఇది నాకు బాగా తెలుసు.

"ఉప్పు డబ్బ ఏడ వెట్టినవ్?"

"పొయ్యికి కుడిదిక్కు, రెండో అరల, నీలం మూత," అని చెబుతూ, రెండో తీగకు కూడా మొదటి పేరే ఎంచుకున్నాను.

గదిలోని నెట్‌వర్క్ పెట్టె మీద మెరుస్తూ ఆరుతూ ఉండే ఆకుపచ్చ దీపాలన్నీ ఆరకుండా వెలిగిపోయాయి. ఇంటర్‌కామ్ మోగింది. "మేడం, ఎమర్జెన్సీల ఏ కంప్యూటర్ తెరుసుకుంటలేదు!" తప్పెక్కడో కనిపెట్టి, ఆ తీగ ఊడదీసి, అంతా మామూలయ్యేసరికి నాలుగు నిమిషాలు. ఇంకొక్కసారి ఇలా జరిగితే, సోమవారం దివాకర్ గారు కాంట్రాక్టర్‌ను పిలవడానికి ఇదొక్కటే చాలు. బల్ల మీది ఫోన్‌ను విషపురుగును చూసినట్టు చూశాను.

ఇంటి నంబరుతో అది మళ్లీ మోగలేదు. ఆయనకు కోపం వచ్చి ఉంటుందనుకున్నాను. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. తీగలు సరిగ్గా కలిపాను. రెండు కొసలకూ ఒకదానినొకటి పరిచయం చేశాను. పదకొండున్నర నుంచి ఒకటిన్నర దాకా, రెండు గంటలపాటు, మధ్యలో ఎవరికీ ఏదీ వెతికిపెట్టకుండా ఒకే పని గురించి ఆలోచించాను. పెళ్లయ్యాక నాకు అన్ని నిమిషాలు వరుసగా దొరకడం అదే మొదలు. నా బుద్ధి ఎంత చురుకైనదో ఆ రోజు నాకే తెలిసింది.

"మేడం, రెండో లైట్ గూడ పడ్డది! పచ్చగ! మస్తుగున్నది మేడం!" లిఖిత అరుపు చెవులో గింగురుమంది.

అక్కడ ఈదమ్మ అనే ముసలమ్మ ఆయాసంతో వచ్చి ఉంది. ఆమె మొదటి ఎక్స్‌రే నాలుగు నిమిషాల్లో తెరుచుకుంది. డాక్టర్ ఇంకోసారి చూడాలని అదే ఎక్స్‌రేను మళ్లీ అడిగితే నలభై సెకన్లలో వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని, వెంటనే ఏం చేయాలో ఆయన కందుకూరు డాక్టర్‌కు ఫోన్‌లో చెబుతుండగా నేను ఆయన గది తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆ పక్కకే తిరిగి కాసేపు ఏడ్చాను. అది సంతోషమే.

ఇంటికి వచ్చేసరికి రెండు దాటింది. ఎప్పటిలాగే కూడిక ఆలస్యంగా మొదలైంది; షామియానా కింద, దేవుడు చేసిన మేలును నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాలు ఇంకా నడుస్తున్నాయి. యాదలక్ష్మి నన్ను పెరటి గుమ్మం దగ్గరే ఆపింది. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"అక్కా, ముసల్ది ఏం జేసిందో తెల్సా? ఉప్పు డబ్బ అని సారు నీకు ఫోన్ జేసిండు జూడు, గప్పుడు సారు చేతులకెల్లి ఫోన్ గుంజుకొని తొడ కింద వెట్టుకొని కూసున్నది. 'ఆపరేషన్ల ఉన్న డాక్టరమ్మను ఉప్పు ఏడున్నదని బయటికి పిలుస్తర్రా? నేను ఇరవై ఎనిమిదేండ్లు ఆ తలుపు కాసిన, నాకెర్క' అన్నది. సారు మస్తు బతిలాడిండు. కదల్లే."

అత్తమ్మ షామియానా అంచున కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"గట్ల జూడకు. అయ్యిందా పని?"

"అయ్యింది అత్తమ్మా."

"మరి గిన్నెల దిక్కు పోకు. గీడ కూసో."

కూర్చున్నాను. ఈమె అన్న మాటల్లో ఒక్కటీ నేను మరిచిపోలేదు, మరవను. ఆ రెండు గంటలనూ మరవను. రెండూ ఒకే మనిషి ఇచ్చినవని ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, కానీ ఆ క్షణంలో నా మనసునిండా ఉన్నది కృతజ్ఞతే.

మా ఆయన సాక్ష్యం ముగుస్తోంది. దేవునికి, సర్జన్‌కు, ఫిజియోథెరపిస్టుకు, దవాఖానకు తీసుకెళ్లిన ఆటో ఎల్లేశ్‌కు కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నారు. మా సంఘంలోనే సభ్యుడైన దివాకర్ గారు ముందు వరుసలో తన ఫోన్ ఆయనకు చూపించారు. దివాకర్ గారికి గుసగుస చేతకాదు.

"కందుకూరు డాక్టర్ మెసేజ్ వెట్టిండు. ఎక్స్‌రేలు ఉరుకుతున్నయట. కంపెనీ సామాను గదా, అన్నీ అదే చేస్కుంటది. ఇగ దానికి మనిషి గూడ అక్కర్లేదు. నిర్మలమ్మను ఓపీ కౌంటర్‌కు ఎయ్యొచ్చు, ఆడ మంది తక్కువున్నరు."

"మంచిదే సార్, ఆమెకు గూడ పని జర అల్కగైతది," అన్నారు నా భర్త.

నడవకపోతే కౌంటర్, నడిస్తే కూడా కౌంటర్. ఒళ్లంతా చల్లబడింది. ఆ చలిలో ఆలోచన చాలా స్పష్టంగా ఉంటుంది.

"ఇంకెవరన్న సాక్ష్యం చెప్పేటోళ్లున్నరా?" అన్నారు మత్తయి అయ్యగారు. ఇన్నేళ్లలో మా ఇంట్లో ఎన్నో కూడికలు జరిగాయి. ఆ ప్రశ్న ఎప్పుడూ నాకు వంటింట్లోకే వినిపించేది. లేచి నిలబడ్డాను.

మా సంఘంలో ఒక ఆచారముంది. సాక్ష్యం చివర, ఇంకా చేతికి అందని మేలు కోసం కూడా విశ్వాసంతో ముందుగానే కృతజ్ఞత చెల్లిస్తారు. రాని ఉద్యోగానికి, కట్టని ఇంటికి, కుదరని సంబంధానికి. వినేవాళ్లు కళ్లు మూసుకుని ఆమేన్ అంటారు. ఊరుకుంటే ఆ మేలును అడ్డుకున్నట్టవుతుందని అందరికీ భయం.

"అందరికి వందనాలు. నేను ముగ్గురికి కృతజ్ఞత చెప్పాలె. ఉన్న ఒక్క సెలవు నాకిచ్చిన యాదలక్ష్మికి. పొద్దుగాల్ల నుంచి కందుకూరుల నాతోని నిలవడ్డ లిఖితకు. ఫోన్‌ను తొడ కింద వెట్టుకున్న మా అత్తమ్మకు."

నవ్వులు వినిపించాయి. మా ఆయన నవ్వలేదు.

"ఇయ్యాల ఒక ముసలమ్మ ఎక్స్‌రే నలభై సెకండ్లల్ల వచ్చింది. గది కంపెనీ సామాను దానంతట అది చెయ్యలే. నేను జేసిన. ఆగితే మల్ల నడిపియ్యాల్సింది గూడ నేనే. గా పనికి నన్ను సిస్టమ్స్ ఇన్‌ఛార్జిని చేస్తూ, రేపు పది గంటలకు, మన దివాకర్ సార్ చేతుల మీదుగ నాకు ఉత్తర్వు అందుతదని నమ్మి, విశ్వాసంతోని ముందుగాల్నే దేవునికి కృతజ్ఞత చెల్లిస్తున్న."

"ఆమేన్," అంది మా అత్తమ్మ, గోడ అవతలికి వినిపించేలా.

"ఆమేన్," అన్నాయి నలభై గొంతులు. దివాకర్ గారు కూడా కళ్లు మూసుకుని, తల వంచి, భక్తితో ఆమేన్ అన్నారు. తానేమన్నారో కళ్లు తెరిచాకే ఆయనకు వినిపించింది.