సున్నాకి ఏ రంగు

మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసే బాబాయికి మోకాళ్ల నొప్పి. అరగంటకోసారి ఇనుప మెట్లెక్కి, గాజు గొట్టంలో నీటి మట్టం చూసి దిగాలి. అందుకే, అక్కడే ఇంజినీరుగా ఉన్న అమ్మాయి ఆయన కోసం అంత శ్రద్ధగా తెర మీద వెలిగే దీపం ఒకటి తయారుచేసింది. కంప్యూటర్ తెర మీద గళ్లు పరిచి, వాటి మధ్య తీగలు గీసి కలిపితే అదే ప్రోగ్రాం. సెన్సర్ పంపే అంకెను బట్టి దీపం రంగు మారుతుంది. సున్నా వస్తే ఆకుపచ్చ, నీళ్లు నిండుగా ఉన్నట్టు. ఒకటి వస్తే పసుపు, పంపు వేయాలి. రెండు వస్తే ఎరుపు, మంట ఆపాలి.

“ఇక మెట్లెక్కకు బాబాయ్. కుర్చీలో దర్జాగా కూర్చుని దీపం చూడు.”

“మా అమ్మాయి నన్ను జమీందారుని చేసింది,” అని ఆయన మిల్లంతా చాటుకున్నాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం, రెండో బాయిలర్ కోసం అదే ప్రోగ్రామును ఆమె తన బల్ల దగ్గర కాపీ చేసుకుంది. సెన్సర్ ఇంకా కలపలేదు. ఊరికే నడిపి చూసింది. దీపం ఆకుపచ్చగా వెలిగింది.

ఏం చూసి వెలిగింది? ఏమీ చూడకుండానే. సెన్సర్ నుంచి కబురు అందని గడిలో సున్నా ఉంటుంది. ఆ సున్నాకి ఆకుపచ్చ ఇచ్చింది తనే.

వెంటనే ఫోన్ అందుకుంది.

“బాబాయ్, దీపం ఎలా ఉంది?”

“నిక్షేపంలా ఉంది. భోజనాలప్పుడు ఊడ్చి వెళ్లారు, అప్పట్నుంచి పంపుతో పనే పడలేదు. ఇవాళ బుద్ధిగా ఉందమ్మా.”

“ముందు మంట ఆపు. ఆపి, పైకెక్కి గొట్టం చూడు.”

“నువ్వే కదా ఎక్కొద్దన్నావు, మళ్లీ ఇప్పుడు...”

“ఆపు బాబాయ్!”

ఆయన మీద ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆవరణ దాటి పరుగెత్తి వచ్చేసరికి మంట ఆగి ఉంది. బాబాయి పై మెట్టు మీద కొయ్యబారి నిలబడ్డాడు. గొట్టంలో చుక్క నీరు లేదు. కింద గోడ వారన, చీపురు తగిలి ఊడిన సెన్సర్ వైరు వేలాడుతోంది. తెర మీద దీపం మాత్రం ఇంకా ఆకుపచ్చగానే ఉంది.

ఆమె చేయి పంపు స్విచ్చి మీదికి వెళ్లింది.

“ముట్టుకోకు!” పైనుంచి అరిచాడు. “కాగిన ఇనుము మీద చన్నీళ్లు పడితే బాయిలర్ పేలి ఇద్దరం మిగలం. బయటికి నడు.”

దూరంగా గోడ పక్కన కూర్చున్నారు, బాయిలర్ చల్లారేదాకా.

“తప్పు నాది బాబాయ్.”

“గంటన్నర పసుపు రాలేదంటే నాకు అనుమానం రావద్దూ? ముప్పై ఏళ్ల సర్వీసు,” అన్నాడాయన, మోకాలు రుద్దుకుంటూ. ఆమె వైపు చూడలేదు.

మర్నాడు ఆమె సున్నాకి బూడిద రంగు ఇచ్చింది. నీళ్లు నిండుగా ఉంటే సెన్సర్ మూడు పంపేలా చేసి, ఆకుపచ్చని ఆ మూడుకి మార్చింది.

“ఇదేం రంగు?”

“నాకేం తెలియదు అని చెప్పే రంగు.”

“నయం. ఇన్నేళ్లలో ఆ మాట ఒప్పుకున్న ఇంజినీరు ఇదొక్కటే.”

ఆయన నవ్వలేదు. కుర్చీలోంచి లేచి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నాలుగో మెట్టు దగ్గర మోకాలు పట్టుకుని ఆగాడు. ఎక్కొద్దని ఆమె అనలేదు.