ఖెయిన్ అన్న మాట

చైనాలోని ఫూజౌలో పుట్టి, ఫూజౌలోనే పెరిగి, చివరికి ఆ ఊళ్లోనే నోరు కట్టేసుకు బతకాల్సి వచ్చింది చ్యూయింగ్‌కి. కట్టేసింది పరాయివాడా? కన్నకొడుకు జీహాంగే. మనవరాలు మన్‌మన్‌కి మాటలు వస్తున్న రోజుల్లోనే కచ్చితంగా చెప్పేశాడు: పిల్లతో మన ఊరి మాట మాట్లాడొద్దు, యాస పడితే బడిలో నవ్వుతారు, బీజింగ్ మాటే మాట్లాడు అని. దానికి ఆమె నోరు తిరగదు. తడబడితే పిల్ల కిసుక్కున నవ్వేది. అందుకని మాట్లాడటమే తగ్గించుకుంది పాపం. కథలూ, జోలపాటలూ, ముద్దు తిట్లూ అన్నీ కడుపులోనే ఉండిపోయాయి.

అలాంటి మహానుభావుడు ఒక ఆదివారం రికార్డర్ పట్టుకుని ఆమె ముందు కూర్చున్నాడు. యూనివర్సిటీలో పాతకాలపు ఉచ్చారణల మీద పాఠాలు చెబుతాడు లెండి. కుక్కకి ప్రాచీన గ్రంథాల్లో ఉన్న మాట దేశంలో చాలాచోట్ల వాడుకలోంచి పోయి, దాని చోట ‘గౌ’ వచ్చి కూర్చుందట. రాతలో మిగిలిన పాత మాట కూడా బీజింగ్ నోట పడి ‘చ్యుయెన్’ అయిపోయిందట. వెయ్యేళ్ల కిందట దాన్ని ‘ఖ్వెన్’ అనేవారట. ఆ మొదటి ‘ఖ’ ఇక్కడివాళ్ల నోట ఇంకా బతికే ఉందట. అమ్మ నోటి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చూశారా!

చ్యూయింగ్ ఒక్కటే అడిగింది, మన్‌మన్ పక్కన కూర్చుని వినాలని. ఒక్కసారైనా తన మాట ఆ పిల్ల చెవిన పడాలని ఆమె ఆశ. కొడుకు సరేనన్నాడు.

“ఖెయిన్,” అంది చ్యూయింగ్.

“ఖెయిన్,” అంది మన్‌మన్, అచ్చం నాయనమ్మలాగే.

చ్యూయింగ్‌కి ప్రాణం లేచొచ్చింది. పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

జీహాంగ్ రికార్డర్ ఆపేశాడు. “నువ్వు అనకూడదు మన్‌మన్, యాస పట్టేస్తుంది. లోపలికెళ్లి చదువుకో, పో.” మన్‌మన్ మొహం చిన్నబుచ్చుకుని వెళ్లి తలుపేసుకుంది. అతను మళ్లీ మీట నొక్కాడు. “దాని గొంతు కలిసి పాడైంది. ఇంకొక్కసారి చెప్పమ్మా, కుక్కని ఏమంటాం?”

చ్యూయింగ్ ఆ తలుపు వంక చూసింది. ఒళ్లు మండిపోయింది.

“గౌ,” అంది.

“అది కాదమ్మా. మన మాట చెప్పు.”

“మన మాటేంట్రా? నా మనవరాలికి పనికిరాని మాట నీ పెట్టెకి మాత్రం ఎందుకు?”