పిలుపుకు ముందు ప్రశ్న

బావ మంచం మీద కార్డులు పరిచి బుల్లి గొంతు సవరించుకుంది. జబ్బుచేసి ఒళ్లంతా కట్టెలా బిగుసుకుపోయాక ఆయనకు మిగిలినవి కళ్లే. చూపుతో నడిచే తెర ఒకటి నిన్ననే తెచ్చి బిగించింది. దాంతో ఆయనే మనిషిని పిలుచుకోవాలని మరదలి పట్టుదల. ఇలాంటి తెరలు రూపొందించడమే ఆమె ఉద్యోగం. ఆ కుటుంబంలో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే.

"ఒక్కో కార్డు మీద ఒక ఇబ్బంది, దాని కింద పదిచోట్ల పనికొచ్చిన ఉపాయం ఉంటుంది బావా. వాడేది మీరు కాబట్టి ఏరేదీ మీరే. చూపు పైకి తిప్పితే అవును, పక్కకి తిప్పితే కాదు."

అక్క ఒక కార్డు లాక్కుంది. "'పని జరిగే ముందు మరోసారి అడుగు.' ఇది నాకు కావాలే. నిన్న ఈయన ఊరికే తెర వైపు చూస్తే బెల్లు మోగింది. సబ్బు ఒంటితో పరిగెత్తుకొచ్చాను!"

బావ చూపు పక్కకు తిరిగింది.

"మీకేం, పడుకుని పిలుస్తారు. పరిగెత్తేది నేను కదా!"

బుల్లి నవ్వి ఆ కార్డును వరసలో పెట్టేసింది. బావ చూపు ఇంకా పక్కనే ఉంది. అలిగారులే అనుకుంది.

తెర సిద్ధమయ్యాక పరీక్ష. బెల్లు మోగేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదని బుల్లి షరతు. తలుపు మూసి అక్కచెల్లెళ్లు బయట నిలబడ్డారు.

బెల్లు మోగలేదు.

"నిద్రపోయారేమో," అంది అక్క. "సినిమా తెర ముందు కూడా మీ బావకి ఎప్పుడూ నిద్రే."

నవ్వు సగంలో ఆగింది. లోపల్నుంచి గురగురమని చప్పుడు. బుల్లి తలుపుకు చెవి ఆనించింది. షరతు పెట్టింది తనే. ఉత్తదేనేమో, ఇంకొక్క క్షణం చూద్దాం, ఇంకొక్క క్షణం...

"షరతూ లేదు, గిరతూ లేదు!" అక్క ఆమెను తోసుకుని వెళ్లింది.

బావ ముఖం నల్లబడింది. గొంతులో కఫం అడ్డుపడింది. నీళ్లు కారే కళ్లు నిలవక కొట్టుకుంటున్నాయి. ఎదురుగా తెర మీద, చక్కని అక్షరాలతో, తీరిగ్గా ఒక ప్రశ్న: 'నిజంగా పిలవాలా?' మొదటి చూపును తెర అందుకుంది. రెండో చూపుకు ఆయన దగ్గర ఊపిరి చాలలేదు.

అక్క మంచం పక్కనున్న మిషన్ గొట్టం నోట్లో పెట్టి కఫం లాగింది. మిషన్ గరగరలాడినంతసేపూ బుల్లి గోడకు అతుక్కుపోయింది. చివరికి ఛాతీ లేచింది. పెదవులకు రంగొచ్చింది.

"చచ్చి బతికాం," అని అక్క ఆయన నుదురు తుడిచింది. చెల్లెలి వైపు తిరగకుండానే, "ఆ కార్డు అడిగింది నేనేనే," అంది.

"పెట్టింది నేను కదక్కా. బావ వద్దన్నారు. చూశాను కూడా."

ఆ ప్రశ్నను బుల్లి తెరలోంచి తీసేసింది. బావ చూపు తెర మీది అక్షరాల మీద ఒక్కొక్కటిగా కదిలింది. మ... ళ్లీ. ఆపైన తలుపు వైపు.

"మళ్లీ బయటికా? నా వల్ల కాదు బావా!"

చూపు పైకి లేచింది. పైనే నిలిచింది.

తలుపు మూశారు. బుల్లి గడియ మీంచి చెయ్యి తీయలేదు. అక్క గోళ్లు ఆమె భుజంలో దిగాయి. లోపల ఏ అలికిడీ లేదు. బెల్లు మోగీ మోగగానే ఇద్దరూ గుమ్మంలో గుద్దుకున్నారు.

బావ క్షేమంగానే ఉన్నారు, కళ్లలో కొంటెతనం.

"మీ వేళాకోళం మండ!" అంది అక్క, ఏడుస్తూ.

బుల్లికి నవ్వు రాలేదు. తరువాతి కార్డు తీసి ఆయన ముందు పట్టుకుంది. "ఇది ఉండాలా బావా?"

ఆమె చెయ్యి వణుకుతుంటే ఆయన చదవలేకపోయారు. అక్క వచ్చి ఆ మణికట్టు కదలకుండా పట్టుకుంది.