పై వాటా టీమ్‌కి వెళ్ళిన మా ఆయన

మా అత్తగారు కర్టెన్లు కుడతారు. ఎవరింట్లోనో కిటికీకి కర్టెన్ తగిలిస్తూ స్టూలు మీంచి పడి చీలమండ విరగ్గొట్టుకున్నారు. కట్టు వేసిన డాక్టరు, "మంచం దిగారంటే మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అని బెదిరించి పంపాడు. ఆవిడకి ఊరికే పడుకోవడం చేతకాదు. మర్నాటికే కప్పుకున్న దుప్పటి అంచు వంకరగా కుట్టారని విప్పడం మొదలుపెట్టారు.

చూడలేక మా ఆయన లాప్‌టాప్ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టారు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఆటలంటే ప్రాణం, ఆడటం మాత్రం రాదు.

"ఇవి డాక్యుమెంటరీలమ్మా. దెబ్బలు తగిలి మంచాన పడి, లేచి మళ్ళీ ఆడినవాళ్ళవి. నీకు ధైర్యంగా ఉంటుంది" అన్నారు. తోడుగా ఎవరో ఫుట్‌బాల్ కోచ్ రాసుకున్న ఆత్మకథ కూడా ఇచ్చారు, దిండంత లావుది.

అప్పటిదాకా మా అత్తగారికి ఏ ఆట ఎంతమంది ఆడతారో కూడా తెలీదు. మొదట చూసింది ఈత గురించి. ఓడిపోయి గట్టు మీద ఏడుస్తున్న అమ్మాయిని చూసి, "ముందు దాని తల తుడవండర్రా!" అని కేకలేశారు. తరవాత సైకిళ్ళు, బాక్సింగు, కొండలెక్కడం, అన్నీ చూసేశారు. అయితే దెబ్బ తగిలినవాళ్ళెవరూ ఆవిడ మనసుకి ఎక్కలేదు.

"పడ్డవాడి గోల నాకెందుకే? ఆ గీత అవతల నిలబడి అందరినీ తిడుతున్నాడే, ఆయన నచ్చాడు నాకు" అన్నారు. కోచ్ అన్నమాట.

దిండు లాంటి పుస్తకాన్ని పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివారు. పూర్తయిన రోజు పొద్దున్నే మమ్మల్నిద్దర్నీ మంచం దగ్గరికి పిలిచారు. మెడలో ఈల వేలాడుతోంది. ఎక్కడ సంపాదించారో తెలీదు.

"మన ఇల్లు ఓడిపోతోంది" అన్నారు.

"ఎవరి చేతిలో?" అని అడిగారు మా ఆయన.

"అదే మీకు తెలీదు. అందుకే ఓడిపోతున్నాం."

ఆ రోజునుంచి మాకు శిక్షణ మొదలైంది. నన్ను డిఫెన్సులో వేశారు, అంటే వీధి తలుపు దగ్గర. బెల్లు ఎవరు కొట్టినా నేనే అడ్డుకోవాలి. గిన్నెలు కడుగుతుంటే మధ్యలో ఈల వేసేవారు. అది విరామం. ఆ విరామంలో మంచం దగ్గరికి వెళ్ళి తిట్లు తినాలి. మా ఆయనకి ఆరిన బట్టలు మడతపెట్టే పని అప్పగించారు. ఆయన మడతపెట్టిన చొక్కా కొట్లాటలోంచి లాక్కొచ్చినట్టుండేది.

"నీ ఫామ్ పోయిందిరా."

"అమ్మా, నేను నీ కొడుకుని."

"బంధుత్వం చూసి టీమ్‌లోకి తీసుకునేవాడు కోచే కాదు. పుస్తకంలో రాశాడు."

మా పై వాటాలో ఆడిటరుగారూ, ఆవిడ తమ్ముడూ ఉంటారు. తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. పని చకచకా చేస్తాడు గానీ నోరు మెదపడు. ఒకరోజు ఆడిటరుగారు పరామర్శకి వచ్చారు. నేను అడ్డుకోలేకపోయాను. ఆవిడా, అత్తగారూ తలుపేసుకుని మాట్లాడుకున్నారు. ఆవిడ వెళ్ళాక అత్తగారు కొడుకుని పిలిచారు.

"ఇవాళ్టినుంచి నువ్వు పైన ఆడతావు. ఆవిడ తమ్ముడు మనకొస్తాడు. నా కట్టు విప్పేదాకా అంతే."

మేమిద్దరం పగలబడి నవ్వాం. సాయంత్రం ఆ తమ్ముడు దిండూ, టూత్‌బ్రష్షూ, స్క్రూడ్రైవర్లూ పట్టుకుని గుమ్మంలో నిలబడేసరికి నవ్వు ఆగిపోయింది.

"నీకిష్టమేనా బాబూ?" అన్నాను.

"అక్క చెప్పింది" అన్నాడు.

"నువ్వైనా చెప్పవేమే!" అన్నారు మా ఆయన నాతో.

"నేను డిఫెన్సండీ. సెలెక్షన్లు నా చేతిలో లేవు."

ఆయన నా వైపు ఓ చూపు చూసి, దిండు చంకన పెట్టుకుని మెట్లెక్కారు.

లిఫ్టు తమ్ముడు వచ్చాక మా ఇల్లు అద్దంలా తయారైంది. కారే కుళాయి కారడం మానేసింది. అత్తగారు మొదట్లో తెగ మురిసిపోయారు. తరవాత ఆవిడకి తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఈల నోట్లో పెట్టుకుని ఎదురుచూసేవారు. అతను ఒక్క తప్పూ చేసేవాడు కాదు. అది చాలదన్నట్టు పైనుంచి మా ఆయన నవ్వు వినబడేది. ఉండుండి చప్పట్లు కూడా.

"ఆ చప్పట్లేమిటో చూసిరా" అన్నారు. వెళ్ళి చూసొచ్చాను.

"ఆయన టవలు మడతపెట్టారత్తయ్యా. ఆడిటరుగారు చప్పట్లు కొట్టారు."

"బాగా పెట్టాడా?"

"లేదు. ఎప్పటిలాగే."

"మరెందుకు?"

"ప్రయత్నం బాగుందట."

"ఆవిడకి కోచింగ్ అంటే తెలీదు" అన్నారు అత్తగారు. గొంతులో బలం లేదు. ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు.

కట్టు విప్పిన రోజు డాక్టరు, "ఇంట్లో మెల్లగా నడవండి, చాలు" అన్నాడు. ఆవిడ ఇంట్లోకే రాలేదు. నా భుజం పట్టుకుని, పళ్ళు బిగించి, మెట్లెక్కడం మొదలుపెట్టారు. పైకి చేరేసరికి చెమటతో తడిసిపోయారు. ఆడిటరుగారు తలుపు తీశారు.

"గడువైపోయింది. మా వాణ్ణి పంపించండి."

"ఎలా పంపుతానండీ? ఆయనిప్పుడు మా కెప్టెను."

"మీ ఇంట్లో ఉన్నదే ఇద్దరు!"

"ఆ ఇద్దరికీ కెప్టెను."

మా ఆయన బయటికొచ్చారు. చేతిలో మడతపెట్టిన దుప్పటి. మనిషి ఇదివరకటికన్నా నిటారుగా ఉన్నారు.

"మెట్లెక్కి వచ్చావా అమ్మా?"

"వచ్చాను. పద ఇంటికి."

"రాను. అక్కడ నన్ను పక్కన కూర్చోబెడతావు."

అత్తగారు గోడకి ఆనుకుని ఆ దుప్పటి వంక చూశారు. అంచులు దేని దారి దానిదే. అతుకు కనబడకుండా కుట్టే మనిషికి ఆ దృశ్యం ఎంత నరకమో నాకు తెలుసు. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"దుప్పటి... ప్రయత్నం... బాగుందిరా. అంతకంటే నావల్ల కాదు."

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దుప్పటి ఆడిటరుగారి చేతిలో పెట్టి, తల్లిని పట్టుకుని మెట్లు దింపుకొచ్చారు.

ఇక లిఫ్టు తమ్ముణ్ణి పైకి వెళ్ళమన్నాం. కదల్లేదు.

"ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు. హాయిగా ఉంది" అన్నాడు.

పొమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. పైన ఒక్కరే తినడం తోచక ఆడిటరుగారు కూడా భోజనానికి కిందికే వస్తున్నారు. ఆవిడని ఏ స్థానంలో ఆడించాలో మా అత్తగారికి ఇంకా తేలలేదు.