గాజు పొయ్యి గుర్తుపట్టని వేలు

పొయ్యి కొన్న రోజు దుకాణంలో అందరూ మాట్లాడారు, వండే మనిషి తప్ప. వారంటీ ఎన్నేళ్ళని కొడుకు అడిగాడు. కరెంటు ఎంత తాగుతుందని భర్త అడిగాడు. పొయ్యితో పాటు కొంటున్న, గోడలో బిగించే ఓవెన్ తలుపు కిందికి తెరుచుకుంటుందా, పక్కకా అని కోడలు అడిగింది. ఇల్లాలు మాత్రం మోకాళ్ళు సలుపుతుంటే మూలనున్న స్టూలు మీద కూర్చుంది. ఇంతకీ ఇంట్లో వంట చేసేదెవరని అమ్మేవాడు అడిగితే ముగ్గురూ స్టూలు వైపు చూశారు. అతను గట్టులో దింపే నల్లటి గాజు పొయ్యి చూపించి, ఒక్కసారి వేలు ఆనించి చూడండమ్మా అన్నాడు. ఆమెకి మొహమాటం వేసింది. బాగానే ఉంది నాయనా అని లేవకుండానే అనేసింది. అప్పుడు వేలు పెట్టి ఉంటే సంగతి అక్కడే తేలిపోయేది.

రాతిగట్టుకు కన్నం కోసి పొయ్యిని దింపారు. పాత పొయ్యిని పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు. అడుగు గుండ్రంగా ఉన్న గిన్నెలన్నీ అటకెక్కాయి. ఈ పొయ్యికి అడుగు చదునుగా, అయస్కాంతం పట్టేలా ఉండాలట. మొదటిరోజు పొద్దున్నే ఆమె స్నానం చేసి, దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చి గాజు మీద వేలు ఆనించింది. పొయ్యి ఉలకలేదు, పలకలేదు. కొడుకొచ్చి ఆనిస్తే కుయ్‌మని వెలిగింది. కోడలు ఆనించినా వెలిగింది. కళ్ళజోడు లేకుండా తడుముకుంటూ భర్త ఆనించినా వెలిగింది. ఆమె వేలికి మాత్రం ఊహూఁ.

"ముప్పై ఎనిమిదేళ్ళు వండావు. ఆఖరికి పొయ్యే నీకు సెలవిచ్చింది" అన్నాడు భర్త.

అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. అన్నేళ్ళు పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని నువ్వెవరో నేనెరగనని పొయ్యే అంటే మాత్రం ఎక్కడో చురుక్కుమంది.

కంపెనీకి ఫోన్ చేస్తే మనిషి అయిదో రోజున వస్తాడన్నారు. ఆ నాలుగు రోజులూ కోడలే వండింది. మొదటిరోజు ఇల్లాలికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. రెండోరోజు మధ్యాహ్నం నడుం వాల్చింది. మూడోరోజు వాల్చిన నడుం పొద్దుగూకేదాకా ఎత్తలేదు. ఇంత అలసట ఇన్నాళ్ళూ ఒంట్లో ఎక్కడ దాక్కుందో ఆమెకే అంతుపట్టలేదు. పూజలో కూర్చుంటే మనసు కూడా నిలిచింది. ఇదివరకు పెదవులు నామం పలుకుతుంటే చెవులు కుక్కర్ కూతల మీద ఉండేవి. ఆ దణ్ణాలన్నీ దేవుడికి చేరాయో లేదో.

కానీ సాయంత్రం ఆఫీసు బట్టలైనా మార్చుకోకుండా కోడలు కూరలు తరుగుతుంటే, ఆ కత్తి చప్పుడు గదిలోకి వినిపించేది. నాలుగోరోజుకి ఆ చప్పుడు నెమ్మదించింది. తన విశ్రాంతి వెళ్ళి ఆ పిల్ల నడుం మీద కూర్చుందా అని ఆమెకి అనుమానం వచ్చింది.

అయిదోరోజు మెకానిక్ వచ్చేసరికి ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. నడివయసు మనిషి. ఆ రోజుకి అది ఆరో ఇల్లట, సంచి దించడానికే ఒక మూలుగు మూలిగాడు. పొయ్యి అంతా పరీక్షించి, ఆమె చెయ్యి చూపించమన్నాడు. వేడిగిన్నెలు ఉత్తిచేత్తో దించీ దించీ వేళ్ళ కొనలు అట్టకట్టి, ఎండి ఉన్నాయి. వేలు తడిగుడ్డకి అద్ది, కొన కాకుండా కింది మెత్తటి భాగం ఆనించమన్నాడు. ఆమె అలాగే చేసింది.

కుయ్‌మంది.

పీచు పెట్టి రుద్దొద్దని, చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే చాలని అతను చెప్పాడు. ఏదైనా పొంగి మీటల మీద పడితే కంగారు పడొద్దన్నాడు, పొయ్యి దానంతట అదే ఆగిపోతుందట.

"ఆగిపోతుందా?"

"ఆగిపోతుందమ్మా. తుడిచేదాకా మళ్ళీ వెలగదు."

ఆమె తడిగుడ్డ మడిచి గట్టు మీద పెట్టింది. "నాయనా, ఈ తడివేలి సంగతి మావాళ్ళకి తెలియకపోతే ఏమన్నా ఇబ్బందా?"

అతను నవ్వలేదు. సంచిలోంచి కాగితం తీశాడు. "లోపం ఏమిటో ఇందులో రాయాలమ్మా. పొయ్యి బాగానే ఉంది, మనిషే అలిసిపోయింది అని రాయడానికి గడి లేదు." లోపం లేదు అని రాసి, సంతకం చేయించుకుని, ఒక ప్రతి ఆమెకిచ్చి వెళ్ళాడు.

ఆమె ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టింది. అబద్ధం ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకోవడం అబద్ధం కిందికి రాదా అని గూటిలోకి చూస్తూ అడిగింది. సాయంత్రం కోడలు రాగానే వంటింట్లోంచి మళ్ళీ కత్తి చప్పుడు వచ్చింది.

భోజనాల దగ్గర ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. జరిగింది చెప్పి, లేచి వేలు తడిచేసి పొయ్యి వెలిగించి చూపించింది. కొడుకు హమ్మయ్య అన్నాడు. ఆ ఒక్కమాటతో ముప్పై ఎనిమిదేళ్ళూ తిరిగొచ్చి మెడమీద కూర్చున్నట్టయింది.

"పొయ్యి వెలుగుతుంది. నేనే వెలగను" అంది ఆమె. "పొద్దుటి వంట చేస్తాను. సాయంత్రానిది నా వల్ల కాదు. కోడలి వల్లా కాదు, దాని మొహం చూడండి. ఇంట్లో ఇంకో నాలుగు చేతులున్నాయి."

కోడలు తల దించుకుని కంచంలో మెతుకులు కెలికింది. "నాలుగు రోజుల్నించీ నేనూ అదే అనుకుంటున్నా అత్తయ్యా" అంది మెల్లగా.

తనకి నీళ్ళు కాచడం కూడా రాదని భర్త గొణిగాడు.

"పొయ్యి నేర్పుతుంది. మీ వేళ్ళంటే దానికి మహా ముద్దు."

మర్నాడు సాయంత్రం ఆమె గదిలో పడుకుని ఉంది. వంటింట్లో పాలు పొంగిన చప్పుడు, వెంటనే కుయ్ కుయ్‌మంటూ పొయ్యి అరుపు, ఆ తర్వాత నిశ్శబ్దం.

"ఏమోయ్, పొంగింది" అన్నాడు భర్త అక్కణ్ణించే. "అదే ఆగిపోయింది. ఇప్పుడేం చెయ్యను?"

అప్పటికే ఆమె కాళ్ళు వాటంతటవే మంచం దిగి నేలని తాకాయి. ఆమె వాటిని మళ్ళీ పైకి తీసుకుంది.

"ఆగనివ్వండి. చల్లారాక తుడవండి. తడిగుడ్డ పక్కనే ఉంది."

దీపం పెట్టే వేళయింది, లేవబుద్ధి కాలేదు. పడుకుని దణ్ణం పెట్టుకుంటే తప్పా అని కాసేపు ఆలోచించి, అలాగే పెట్టుకుంది.