పులుసుకి పాయింట్లేంటి

నేను కోసిన రోస్ట్ బీఫ్ ముక్కని ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి మొహం కనబడుతుందని మా హోటల్లో అంటారు. అది కాస్త అతిశయోక్తే గానీ, నేను ఇంతవరకూ ఖండించలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఈ గల్ఫు దేశంలో, సీఫ్ అనే పేటలోని ఆ హోటల్లో, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పొడుగాటి తెల్ల టోపీ పెట్టుకుని, వేడి దీపం కింద ఉంచిన పెద్ద మాంసం దిమ్మని వరసలో వచ్చినవాళ్ళకి కోసి వడ్డించడం నా ఉద్యోగం. పేరు కృపానందం. ఊరు రాజోలు పక్క.

అలాంటి నా బీఫ్‌కి ఈ ఆగస్టులో మా ఇంట్లోనే పాయింట్లు వేశారు. మార్కులైతే ఎక్కువొచ్చినందుకు సంతోషించేవాణ్ణి. ఇవి ఎక్కువొస్తే తినకూడదట.

వేసింది మా ఆవిడ దానమ్మ. సనాబిస్‌లో మా ఫ్లాట్‌కి రెండు వీధుల అవతల చిన్నపిల్లల బడిలో ఆయాగా చేస్తుంది. రెండేళ్ళుగా ఆమె మోకాళ్ళు మాట వినడం మానేశాయి. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎనభై నాలుగు కిలోలున్నావు, ఓ ఆరు కిలోలు తగ్గితే అవే వంగుతాయి అన్నాడు. నొప్పికి దానమ్మ బెదిరే మనిషి కాదు. ఆమె బాధ వేరు. మా తెలుగు సహవాసంలో నెల మొదటి శుక్రవారం ప్రభువు బల్ల ఉంటుంది. హాలు ముందర చాప పరుస్తారు. ఎనిమిదేసి మంది వెళ్ళి, మోకాళ్ళూని, రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వస్తారు. దానమ్మ మాత్రం వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే పాస్టరు అయ్యగారే పళ్ళెం పట్టుకుని ఆమె దగ్గరికి రావాలి.

"ప్రభువే మోకాళ్ళూని ప్రార్థన చేశాడండి. నేనేమో పెళ్ళి భోజనానికొచ్చినట్టు కుర్చీలో కూర్చుని వడ్డించుకుంటున్నాను" అని ఓ రోజు కళ్ళు తుడుచుకుంది. "డిసెంబరు బల్లకి నేను చాప మీదుండాలి. అంతే."

దానమ్మ అంతే అన్నదంటే ఇక ఖలాస్. మర్నాడే మా సహవాసంలో నర్సుగా చేసే బ్లెస్సీ అనే అమ్మాయి దగ్గర చేరిపోయింది. ఆ అమ్మాయి ఏడుగురు ఆడవాళ్ళని పోగుచేసి పాయింట్ల పథ్యం నడుపుతోంది. తినే ప్రతిదానికీ ఇన్ని పాయింట్లని ఉంటుంది. రోజుకి ఇరవై మూడు దాటకూడదు, తిన్నదల్లా పుస్తకంలో రాయాలి. ఇడ్లీకి రెండు, గరిటెడన్నానికి మూడు, కీరదోసకాయకి సున్న. ఆ పట్టిక మా ఫ్రిజ్ మీద అతికించారు. ఇంట్లో నా మాట కన్నా దాని మాటే ఎక్కువ చెల్లుబాటు కాసాగింది.

"సోమవారం బీఫ్ మానేద్దామండి" అంది దానమ్మ.

ఇక్కడ సోమవారం సంగతి చెప్పాలి. శుక్రవారం ఊరంతటికీ సెలవు, నాకు డ్యూటీ. నాకు సెలవు సోమవారం. ఆమె బడి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఓవెన్ వెలిగించి, కొవ్వు తక్కువున్న తొడ మాంసం ఓ కిలోన్నర రోస్ట్ చేసి ఉంచుతాను. వారంలో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని తీరిగ్గా తినే మధ్యాహ్నం అదొక్కటే. పైగా దానమ్మ ఏడుగురు పిల్లల్లో నాలుగోది. వాళ్ళింట్లో కూర వండిన రోజున వాళ్ళమ్మ ముక్కలు లెక్కపెట్టి వేసేది. తండ్రికి ఆరు, మగపిల్లలకి నాలుగు, ఆడపిల్లలకి రెండు. పెళ్ళైన కొత్తలో మా అమ్మ కూర గిన్నె దానమ్మ ముందు పెడితే, "నాకు రెండేగా" అని అడిగింది. ఆ రెండు ముక్కలు ఇప్పటికీ నా గుండెల్లో గుచ్చుకుంటాయి. నా ఇంట్లో దానమ్మ కంచంలో ముక్కలు లెక్కపెట్టడం ఉండదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడొచ్చి ఓ కాగితం మళ్ళీ లెక్కపెడతానంటోంది.

నాకు మండింది. కానీ కాగితంతో ఎవడు పోట్లాడతాడు. దగ్గరికెళ్ళి చదివాను. కొవ్వు లేని రోస్ట్ బీఫ్, ముప్ఫై గ్రాముల సన్న ముక్క, ఒక పాయింటు.

"ఒక పాయింటేగా. దీనికెందుకు మానడం? ఎన్ని ముక్కలు కావాలో చెప్పు" అన్నాను.

"పొద్దున రెండిడ్లీలతో సరిపెట్టుకుంటే ఆరు తినొచ్చు. కానీ ముప్ఫై గ్రాములని మీరెలా కోస్తారు?"

నన్ను పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది? కత్తి నూరి, ఆరు ముక్కలు కోసి, వంటింటి తూకం మీద ఒక్కోటీ పెట్టాను. ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై ఒకటి. దానమ్మ ఆ చివరిదాని మూల గిల్లి ఒక గ్రాము నా నోట్లో పెట్టి, "ఇప్పుడు సరిపోయింది" అంది.

సరిపోయింది గానీ, ఆ కంచం చూస్తే నాకే ఏడుపొచ్చింది. నా ముక్కల సన్నదనం మొదటిసారి నాకు నచ్చలేదు. అందుకని పులుసు మీద పడ్డాను.

హోటల్లో దాన్ని గ్రేవీ అంటారు. రోస్ట్ చేసిన పళ్ళెంలో దిగిన కొవ్వూ రసమూ కలిపి, మైదా వేయించి, ఎముకల నీళ్ళు పోసి చిక్కబెడతాం. దొరలు దాన్ని చెంచాడు పోయించుకుని చాలంటారు. మా ఇంట్లో అన్నం కదా, గిన్నెడు చేస్తాను. మిరియాలు దంచి, చింతపండు రవ్వంత పిండుతాను. దానమ్మ దాన్ని పులుసనే అంటుంది. సోమవారం అన్నంలో పోను మిగిలింది మంగళవారం ఇడ్లీలోకి, బుధవారం దోసెలోకి. మర్నాటి పులుసు రుచి తెలియని వాడెవడు?

ఇలా నాలుగు వారాలు గడిచాయి. ప్రతి శుక్రవారం ఆరాధనకి ముందు, చెప్పులు విడిచే వరండాలో బ్లెస్సీ తూకం పెడుతుంది. ఆ ఏడుగురిలో రోజీ రెండు కిలోలు తగ్గింది. మల్లిక మూడు తగ్గింది. దానమ్మ ఎనభై నాలుగు, ఎనభై నాలుగు, ఎనభై నాలుగుంబావు, ఎనభై నాలుగు. అయిదో శుక్రవారం బ్లెస్సీ అందరి ముందూ, మెత్తగానే, "ఆంటీ, మధ్యలో ఏమైనా తింటున్నారా?" అని అడిగిందట.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి దానమ్మ ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది.

"నేను దొంగతిండి తింటున్నానని అనుకుంటున్నారండి" అంది. "అబద్ధం రాసేదాన్నే అయితే బల్లకెందుకు పాకులాడతాను? వచ్చే వారం నుంచి బీఫ్ వద్దు. ఏ మాంసమూ వద్దు. మీరు వండుకుని తినండి, నేను కీరదోసకాయ కోసుకుంటాను."

ఎదురెదురుగా కూర్చుని ఒకరు బీఫూ ఒకరు కీరదోసకాయా తినే సోమవారాన్ని తలుచుకుంటేనే నాకు భయమేసింది. ఆ భయంలోనే బ్లెస్సీకి ఫోన్ చేశాను. "సోమవారం భోజనానికి రామ్మా. మీ ఆంటీ ఏం తింటోందో నీ కళ్ళతో చూడు. నా ముక్కలో తేడా ఉంటే అప్పుడే మానేద్దాం."

బ్లెస్సీ ఆసుపత్రి బట్టల్లోనే వచ్చింది. నేను కోశాను, తను తూచింది. ఆరు ముక్కలు, నూట ఎనభై గ్రాములు, అణువంత తేడా లేదు. "అంకుల్, మీరు తూకం రాయి లాగున్నారు" అంది. నేను మీసం తడుముకున్నాను. అన్నం రెండు గరిటెలు తూచింది. అదీ సరిపోయింది. పుస్తకంలో అన్నీ రాసుకుని, తలకాయ గోక్కుంది.

అప్పుడు దానమ్మ పులుసు గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక గరిటె పోసుకుంది. రెండో గరిటె పోసుకుంది. అన్నంలో గుంట చేసి మూడోది పోసింది.

"ఆంటీ, అదేంటి?"

"పులుసమ్మా."

"దానికి పాయింట్లు వేశారా?"

దానమ్మ పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పులుసుకి పాయింట్లేంటి? ముక్కలకి లెక్కగానీ పులుసుకి లెక్కేంటమ్మా. మా అమ్మ నాకు రెండే ముక్కలు వేసేది గానీ, పులుసు ఎంతైనా పోసుకోమనేది."

బ్లెస్సీ నా వైపు తిరిగింది. "అంకుల్, ఇందులో ఏమేం వేశారు?"

"ఏముంది, నీళ్ళు. ఉల్లిపాయ. మిరియాలు."

"ఇంకా?"

ఇద్దరూ నన్నే చూస్తున్నారు. ముప్ఫై గ్రాముల ముక్కని కళ్ళు మూసుకుని కోసేవాణ్ణి, ఆ గిన్నెలోకి నా కళ్ళతో నేనే చూడలేకపోయాను. నాకు తెలుసు. మొదటి వారం వెన్న ఒక చెంచా వేశాను. ముక్కలు ఆరే కదా, కడుపు నిండదని రెండో వారం రెండు. ఈ వారం వెన్న అచ్చులో సగం వేసి కలిపాను. దానమ్మ ఒళ్ళు తగ్గకపోతుంటే లోపలెక్కడో అనుమానం తగలకపోలేదు. కానీ మూడో గరిటె పోసుకుంటూ ఆమె మొహం విప్పారుతుంటే పై వారం ఇంకాస్త వేసేవాణ్ణి.

"వెన్న" అన్నాను. "సగం అచ్చు. పళ్ళెంలో దిగిన కొవ్వంతా కూడా."

బ్లెస్సీ ఒక గరిటె తూచి, వేళ్ళ మీద లెక్క కట్టింది. గరిటెకి ఏడు పాయింట్లు. మూడు గరిటెలకి ఇరవై ఒకటి. "రోజు మొత్తానికి ఇరవై మూడు ఆంటీ" అని నెమ్మదిగా చెప్పింది. ఇడ్లీ పులుసూ, దోసె పులుసూ ఇంకా లెక్కకే రాలేదు.

దానమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అయిదు శుక్రవారాలు ఆ వరండాలో తలొంచుకుని నిలబడ్డానండి" అంది. "అడిగితే చెప్పలేకపోయారా?"

"ఆరు ముక్కలు చూడలేకపోయాను దానమ్మా. నీ కంచంలో లెక్కపెట్టనని ఒట్టేసుకున్నాను." నాకు నిజంగానే సిగ్గేసింది. బ్లెస్సీ ముందు ముక్కు చీదుకోవాల్సొచ్చింది.

"ఆ లెక్క మా అమ్మ పెట్టింది, చాలక పెట్టింది. ఈ లెక్క నేను పెట్టుకున్నాను. రెండూ ఒకటేనా?" అని దానమ్మ గిన్నె మీద మూత పెట్టేసింది.

మరుసటి సోమవారం నేను నా విద్యనంతా పులుసు మీద చూపించాను. పళ్ళెంలో దిగింది గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. రెండు గంటలకి కొవ్వంతా పైన తెల్లటి అప్పచ్చిలా గట్టిపడింది. దాన్ని ఎత్తి పక్కన పెట్టి, కింది రసానికి ఎముకల నీళ్ళు, మిరియాలు, చింతపండు, కరివేపాకు చేర్చి మరిగించాను. వెన్న లేదు, మైదా లేదు. చారుకి అన్న, పులుసుకి తమ్ముడు. బ్లెస్సీ ఫోన్‌లోనే లెక్క చూసి, గిన్నెడు తాగినా ఒక పాయింటు దాటదంది.

ఆ తెల్లటి కొవ్వు అప్పచ్చి మాత్రం పారేయడానికి నాకు చేతులు రాలేదు. వంటవాడు కొవ్వు పారేస్తే పాపం. దానమ్మ బడికి వెళ్ళాక రొట్టె దాంట్లో వేయించుకునేవాణ్ణి. గుడ్డు కూడా బాగుంటుంది. ఆరు ముక్కలు పోను మిగిలిన రోస్ట్ కూడా ఎవరో ఒకరు తినాలి కదా.

శుక్రవారాల తూకం దిగడం మొదలెట్టింది. ఎనభై మూడు, ఎనభై రెండున్నర, ఎనభై ఒకటి. నవంబరు చివరికి డెబ్భై ఎనిమిదిన్నర. దానమ్మ మంచం కోడు పట్టుకుని రోజూ ఒక మోకాలు నేలకి ఆనించడం సాధన చేసింది.

డిసెంబరు మొదటి శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ ఇంకొకతనికి అప్పజెప్పి, ఎన్నాళ్ళకో ఉదయం ఆరాధనకి వెళ్ళాను. మా వరస రాగానే దానమ్మ కుర్చీలోంచి లేచింది. చాప దగ్గర నా భుజం పట్టుకుని కుడి మోకాలు దింపింది. ఒక్క క్షణం ఆగి, పెదవి కొరుక్కుని, ఎడమది దింపింది. నేను పక్కనే మోకాళ్ళూనాను. అయ్యగారు ఆమె చేతిలో రొట్టె పెడుతూ కాసేపు నిలబడిపోయారు. దానమ్మ చెంపల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి. నావీ అంతే.

"సమాధానంతో వెళ్ళండి" అన్నారు అయ్యగారు. ఎనిమిది మందిలో ఏడుగురు లేచారు. దానమ్మ కూడా చెయ్యి నేల మీద ఆనించి లేచింది. లేవలేనిది నేను. ఒకసారి ప్రయత్నించాను. బొజ్జ తొడల మీద పడి కదలనివ్వలేదు. వెనక తర్వాతి ఎనిమిది మందీ నిలబడి చూస్తున్నారు.

దానమ్మ వంగి నా చంక కింద చెయ్యి వేసింది. "ఆ కొవ్వంతా ఎక్కడికి పోయిందా అని చూస్తున్నాను" అని చెవిలో అని, నన్ను లేపింది.

వరండాలో బ్లెస్సీ నన్నూ తూకం ఎక్కించింది. తొంభై నాలుగు.

సోమవారం నేను కత్తి తీస్తుంటే దానమ్మ లాక్కుంది. తనే కోసింది. మందంగా, వంకరటింకరగా, మా హోటల్లోనైతే టోపీ ఊడబెరికే కోత. నా కంచంలో ఆరు వేసింది.

"నీ ముక్క నలభై గ్రాములుంటుందే" అన్నాను.

"అవునా" అని ఒకటి తీసేసింది. అయిదే మిగిలాయి. ఇంటికి పెద్దకొడుకుని, నా కంచంలో ముక్కలు లెక్కపెట్టడం పుట్టాక అదే మొదటిసారి. అన్నం కలుపుకుంటుంటే దానమ్మ గిన్నె నా ముందుకి జరిపింది.

"పులుసు ఎంతైనా పోసుకోండి" అంది. "కొవ్వు నేనే తీసి పారేశాను."